పాఠం 7: పాత కన్సోల్‌లో పురాణకథ – ‘హనుమాన్: బాయ్ వారియర్’ గేమ్‌పై ఒక విమర్శ

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వీడియో గేమ్‌ను కథ, దృశ్యం, క్రియ అనే మూడు అంశాలుగా విడదీసి పరిశీలించగలుగుతారు.
• దేవతాపాత్రను గేమ్‌లో ప్రవేశపెట్టడంపై వచ్చిన అభ్యంతరాన్ని మన ప్రదర్శనకళల నేపథ్యంలో చర్చించగలుగుతారు.
• ఒకే రకమైన ఇతివృత్తం గల రెండు గేమ్‌లను పోల్చి, వాటి బలాబలాలను చెప్పగలుగుతారు.
• విజయం సాధించని రచనను కూడా న్యాయంగా అంచనా వేయగలుగుతారు.

7.1 ప్రస్తావన

కావ్యాన్ని, నాటకాన్ని, సినిమాను ఎలా విమర్శించాలో వెనుకటి పాఠాల్లో చదివారు. ఈ పాఠంలో మన ముందున్నది ఒక వీడియో గేమ్. సాహిత్య విద్యార్థికి దీనితో పని ఏమిటి అని మీకు సందేహం కలగవచ్చు. కథ చెప్పే మాధ్యమం ఏదైనా విమర్శ పరిధిలోకి వస్తుంది. ఈనాటి పిల్లల్లో చాలామంది హనుమంతుణ్ణి మొదట కలుసుకుంటున్నది హరికథలోనో పుస్తకంలోనో కాదు, తెర మీద. ఆ తెర వాళ్లకు ఏ హనుమంతుణ్ణి ఇస్తోందో అడగవలసిన బాధ్యత మనది.

ఇందుకోసం పేరుపొందిన గేమ్‌ను కాక, మరుగున పడిన గేమ్‌ను ఎంచుకున్నాను. ప్రసిద్ధమైన రచన గురించి నలుగురి మాట ముందే మన చెవిన పడి ఉంటుంది. మరుగున పడిన రచన దగ్గర ఆ ఆసరా ఉండదు. మన కళ్లతో మనమే చూడాలి. విమర్శ నేర్చుకునేవారికి అది మంచి సాధన.

7.2 గేమ్, దాని కాలం

‘హనుమాన్: బాయ్ వారియర్’ 2009లో వచ్చింది. హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్ సంస్థ దీన్ని తయారు చేసింది. సోనీ సంస్థ తన ప్లేస్టేషన్ 2 కన్సోల్ కోసం విడుదల చేసింది. టీవీకి తగిలించి ఆడుకునే యంత్రాన్ని కన్సోల్ అంటారు. ఇటువంటి యంత్రం కోసం పూర్తిగా మనదేశంలోనే తయారైన తొలి గేమ్‌గా దీనికి పేరు. అంటే భారతీయ కన్సోల్ గేమ్‌ల చరిత్ర మన తెలుగునేల మీదనే మొదలైందన్నమాట.

అయితే ఆ యంత్రం అప్పటికే పాతబడింది. ప్లేస్టేషన్ 2 జపాన్‌లో 2000లో వచ్చింది. దాని తరువాతి యంత్రం ప్లేస్టేషన్ 3 కూడా 2006లోనే వచ్చేసింది. లోకం కొత్త యంత్రం వైపు చూస్తున్న రోజుల్లో ఈ గేమ్ పాత యంత్రం మీద విడుదలైంది. ఒక లెక్కన ఇది తెలివైన నిర్ణయమే. మనదేశంలో మధ్యతరగతి ఇళ్లకు అందుబాటు ధరలో ఉన్నది పాత యంత్రమే. కాని సమీక్షకులు కొత్త యంత్రాల గేమ్‌లకు అలవాటుపడిన కళ్లతో దీన్ని చూశారు. బొమ్మల నాణ్యత తక్కువని, పాత్ర చేతికి సరిగా లొంగడం లేదని పెదవి విరిచారు. కొద్దికాలంలోనే గేమ్ మాట వినపడకుండా పోయింది.

మైలవరంలో మా బంధువుల అబ్బాయి ఉద్యోగానికి ఊరు వదిలి వెళ్తూ అటక మీద పెట్టిన ప్లేస్టేషన్ 2తో పాటు ఈ డిస్కు నాకు దొరికింది. హైదరాబాదు గేమ్ ఒకటి ఉందని అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. పుస్తకమైతే ఏదో ఒక గ్రంథాలయంలో బతుకుతుంది. గేమ్‌కు ఆ భాగ్యం లేదు. డిస్కు గీతలుపడినా, దాన్ని ఆడించే యంత్రం పాడైనా రచన మూగబోతుంది. అందువల్ల ఇలాంటివాటిని దొరికినప్పుడే చూసి, చూసినదాన్ని రాసిపెట్టడం అవసరం.

7.3 గేమ్‌ను ఎలా చదవాలి?

గేమ్‌లో మూడు అంశాలను వేరుచేసి చూడండి.

(అ) కథ: ఎవరు, ఎక్కడ, ఎందుకు అన్నది.
(ఆ) దృశ్యం: తెర మీది బొమ్మలు, రంగులు, ధ్వని.
(ఇ) క్రియ: ఆడేవారి చేత గేమ్ పదేపదే చేయించే పని.

మొదటి రెండూ మీకు తెలిసినవే. మూడోది ఈ మాధ్యమానికి ప్రత్యేకమైనది. నవలలో ‘హనుమంతుడు ఎగిరాడు’ అని చదువుతాం. సినిమాలో ఎగరడం చూస్తాం. గేమ్‌లో మనమే మీట నొక్కి ఎగిరిస్తాం. ఒకసారి కాదు, వందసార్లు. ఆ వందసార్లు చేసిన పనే చివరికి మనసులో నిలిచిపోతుంది. కాబట్టి గేమ్ దేని గురించి చెబుతోందో తెలియాలంటే, డబ్బా మీద ఏం రాశారో చూస్తే చాలదు. ఆడేవారి వేళ్లు ఏం చేస్తున్నాయో చూడాలి.

ఇక మన గేమ్. బాలహనుమంతుణ్ణి వెనుక నుంచి చూస్తూ ముందుకు నడిపిస్తాం. పరుగెత్తుతాం, దూకుతాం, అడ్డొచ్చిన శత్రువులను గదతో కొడతాం. కథ హనుమంతుడిది, దృశ్యం హనుమంతుడిది. క్రియ మాత్రం ఎవరిదైనా కావచ్చు. ఇక్కడ ఒక చిన్న పరీక్ష పెట్టండి. గదకు బదులు కత్తిని, హనుమంతుడికి బదులు ఏ పరదేశపు వీరుణ్ణో ఊహించుకోండి. ఆడేవారి వేళ్లు చేసే పని మారుతుందా? మారదు. దీన్ని మార్పిడి పరీక్ష అందాం. పాత్రను మార్చినా క్రియ మారకపోతే, ఆ పాత్ర గేమ్‌లో వేషంగానే ఉందని అర్థం.

అభ్యాసం 1: మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పిల్లలు ఫోనులో ఆడే ఒక గేమ్‌ను పది నిమిషాలు గమనించండి. వాళ్లు పదేపదే చేస్తున్న పనిని ఒక్క క్రియాపదంలో రాయండి. ఆ గేమ్ పేరుకూ, మీరు రాసిన క్రియాపదానికీ సంబంధం ఉందా?

7.4 దేవుణ్ణి ఆడించవచ్చునా?

ఈ గేమ్ వచ్చినప్పుడు దీని గుణదోషాల కన్నా ఎక్కువ ప్రచారం పొందినది ఒక అభ్యంతరం. అమెరికాలోని హిందూ సంఘ నాయకుడు రాజన్ జెడ్ దీన్ని ఉపసంహరించుకోవాలని సోనీని కోరారు. భక్తులు కొలిచే దేవుణ్ణి ఆడేవారి చేతి మీటలకు లోబడే బొమ్మగా మార్చడం అపచారమన్నది ఆయన వాదన సారాంశం. భక్తుల మనసుకు సంబంధించిన ఈ వాదనను తేలిగ్గా తీసివేయకూడదు. అయితే మన ప్రాంతపు కళలు దీనికి ఏం జవాబు చెబుతాయో కూడా చూడాలి.

తోలుబొమ్మలాటలో హనుమంతుడి బొమ్మను కర్రలతో ఆడిస్తారు. దీపం వెలుగులో తెర మీద ఆయన ఎగిరితే, ఎగిరించేది తెర వెనుక ఉన్న మనిషి చెయ్యే. అనంతపురం ప్రాంతంలోని నిమ్మలకుంట కళాకారులు ఈనాటికీ ఆ బొమ్మలు చేస్తున్నారు. మైలవరానికి దగ్గరలోనే ఉన్న కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో దశావతారాలను చెక్కుతారు. ఆ బొమ్మలు కొలువులో పూజలందుకుంటాయి, పిల్లల చేతుల్లో ఆటవస్తువులూ అవుతాయి. కృష్ణాజిల్లాలో ఉన్న కూచిపూడిలో పురుషులు సత్యభామ వేషం కట్టారు. మైలవరం జమీందారు ఆదరణలో బాలభారతీ నాటక సమాజం నడిచిన రోజుల్లో పౌరాణిక పాత్రలు ధరించిన నటుడు తెల్లవారి మామూలు మనిషిగా వీధిలో నడిచాడు. దేవుణ్ణి ఆడడం, ఆడించడం మన సంప్రదాయానికి కొత్త కాదు.

కాని తేడా ఒకటుంది. దాన్ని దాటవేస్తే మన వాదన బలహీనమవుతుంది. తోలుబొమ్మ హనుమంతుడు ఓడిపోడు. బొమ్మను ఆడించేవారికి కథ తెలుసు, చూసేవారికీ తెలుసు. గేమ్ అలా కాదు. ఈ జాతి గేమ్‌లలో ఆడేవారు పొరపాటు చేస్తే పాత్ర ప్రాణం పోతుంది, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. హనుమంతుడు సప్త చిరంజీవులలో ఒకడు. చావులేనివాడితో చచ్చి బతికే ఆట ఆడించడమే అసలైన చిక్కు. ఇది అపచారమా కాదా అన్నది భక్తులు తేల్చుకునే విషయం. విమర్శకుడి దృష్టిలో ఇది రూపానికీ వస్తువుకూ పొత్తు కుదరకపోవడం.

7.5 కథలో దాగిన ఆట

అయితే బాలహనుమంతుడి కథ గేమ్‌కు పనికిరాదా? నా అభిప్రాయంలో అంతకన్నా తగిన కథ దొరకడం కష్టం.

వాల్మీకి రామాయణంలో ఈ కథ రెండుచోట్ల వస్తుంది. కిష్కింధకాండ చివర సముద్రతీరంలో వానరులు దిగాలుపడి కూర్చున్నప్పుడు, ఒకపక్క మౌనంగా ఉన్న హనుమంతుడికి జాంబవంతుడు అతని పుట్టుక, సూర్యుణ్ణి పండనుకుని ఎగరడం, ఇంద్రుడి వజ్రం తగిలి దవడ విరగడం చెబుతాడు. ఉత్తరకాండలో మరో వివరం ఉంది. బాలుడి అల్లరి భరించలేక మునులు అతని బలం అతనికి తెలియకుండా పోవాలని, ఎవరైనా గుర్తుచేసినప్పుడే తెలియాలని శపిస్తారు.

ఈ శాపాన్ని గేమ్ రచయిత కళ్లతో చూడండి. అంతులేని బలమున్న నాయకుడు ఆ బలాన్ని మరచిపోయాడు. అది ఒక్కొక్కటిగా గుర్తుకురావాలి. తనంతట తనకు గుర్తురాదు, మరొకరు చెప్పాలి. మామూలు గేమ్‌లో నాయకుడు శత్రువులను చంపి బలం సంపాదిస్తాడు. ఇక్కడ తనను ఎరిగినవారిని కలుసుకుని బలం తిరిగి పొందుతాడు. ఓటమికి అర్థం కూడా మారుతుంది. మరణించనక్కరలేదు, మరచిపోతే చాలు. చిరంజీవితో వచ్చిన చిక్కు కూడా ఇక్కడ విడిపోతుంది.

సుందరకాండ మొదట్లో మరో పాఠం ఉంది. సముద్రం దాటుతుండగా హనుమంతుడికి మూడు అడ్డంకులు వస్తాయి. ఆతిథ్యమిస్తానన్న మైనాకుణ్ణి చేత్తో తాకి, మర్యాదగా సాగిపోతాడు. నోరు తెరిచిన సురస ముందు మొదట పెరిగి, ఆపైన బొటనవేలంత అయి, ఆమె నోట్లోకి వెళ్లి బయటికి వస్తాడు. నీడ పట్టి లాగిన సింహికను చంపుతాడు. ఒక అడ్డంకికి వినయం, ఒకదానికి యుక్తి, ఒకదానికి బలం. ఏది ఎక్కడ వాడాలో తెలియడమే హనుమంతుడి గొప్పతనం. మన గేమ్ ఈ మూడింటిలో మూడోదాన్ని గట్టిగా పట్టుకుని మిగిలిన రెండింటినీ దాదాపు వదిలేసింది.

7.6 పోలిక: ‘ఓకామి’

ఇలా చేయడం ఆ పాత యంత్రం మీద సాధ్యమేనా అని మీరు అడగవచ్చు. సాధ్యమేనని అదే ప్లేస్టేషన్ 2 మీద 2006లో వచ్చిన జపాన్ గేమ్ ‘ఓకామి’ రుజువు చేసింది. క్యాప్‌కామ్ సంస్థ అనుబంధమైన క్లోవర్ స్టూడియో దీన్ని తయారు చేసింది. దర్శకుడు హిదెకి కమియా. ఇందులోనూ నాయకపాత్ర ఒక దేవత. జపాన్ సూర్యదేవత అమతెరాసు తెల్లని తోడేలు రూపంలో వస్తుంది. కథ మొదట్లో ఆమె శక్తులు చెల్లాచెదురై ఉంటాయి. ఒక్కొక్క దేవతనూ కలుసుకుంటూ పదమూడు కుంచెవిద్యలను తిరిగి పొందుతుంది. మన హనుమంతుడి శాపానికి ఇది ఎంత దగ్గరగా ఉందో గమనించండి.

ఇక్కడి క్రియ చూడండి. మీట నొక్కితే దృశ్యం ఆగిపోయి, కాగితం మీది సిరాబొమ్మలా మారుతుంది. ఆకాశంలో సున్నా గీస్తే సూర్యుడు వస్తాడు. ఎండిన చెట్టు చుట్టూ గీస్తే పూస్తుంది. జంతువులకు మేత వేసినా, మనుషులకు సాయం చేసినా వారి మెప్పు దక్కుతుంది. ఆ మెప్పుతోనే ఆమె సామర్థ్యం పెరుగుతుంది. కుంచెలో సిరా పూర్తిగా అయిపోతే కొంతసేపు ఆమె దైవచిహ్నాలు పోయి మామూలు తోడేలుగా మిగులుతుంది. యుద్ధాలు ఇందులోనూ ఉన్నాయి. కాని ఆడేవారి చేతికి ఎక్కువగా గుర్తుండేది వెలుగు తేవడం, పూయించడం. మార్పిడి పరీక్ష పెడితే ఈ గేమ్ గట్టిగా నిలుస్తుంది. సూర్యదేవతను తీసేస్తే ఆ క్రియకు అర్థమే ఉండదు.

‘ఓకామి’కి విమర్శకుల మెప్పు దక్కినా మొదట్లో అమ్మకాలు అంతంతమాత్రమే. మరుసటి ఏడే క్లోవర్ స్టూడియో మూతపడింది. అయినా ఆ గేమ్ తరువాత కొత్త యంత్రాలకు మళ్లీ మళ్లీ విడుదలైంది. రెండు గేమ్‌లూ మొదట ఆదరణ కరవైనవే. ఒకటి తిరిగి వచ్చింది, మరొకటి రాలేదు. తేడా యంత్రంలో లేదు. కథలోని ప్రాణాన్ని ఆడేవారి చేతికి అందించడంలో ఉంది.

అభ్యాసం 2: కాశీమజిలీ కథల్లోనో, మీ అమ్మమ్మగారు చెప్పిన కథల్లోనో ఒకదాన్ని తీసుకోండి. దాన్ని గేమ్‌గా మారిస్తే ఆడేవారు పదేపదే చేయవలసిన పని ఏది? ‘కొట్టడం’ అనే మాట వాడకుండా ఐదు వాక్యాల్లో రాయండి.

7.7 మూల్యాంకనం

ఈ గేమ్‌ను తీసిపారేయడం సులువు. కాని తొలి ప్రయత్నాన్ని తొలి ప్రయత్నంగా చూడాలి. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా పురాణంలోని బాలుడి కథే. ఆ మాధ్యమం కొత్తదైనా, దాని వెనుక తెలుగు నాటకరంగం ఉంది. సురభి కమలాబాయి వంటి నటులు, పద్యం, పాట, ప్రేక్షకుడి అలవాటు ముందే సిద్ధంగా ఉన్నాయి. కొత్త యంత్రం పాత కళ భుజం మీద చెయ్యి వేసి నడిచింది.

హైదరాబాదులో తయారైన ఈ గేమ్ కథను మన పురాణం నుంచి తీసుకుంది, ఆటను మాత్రం పరదేశపు గేమ్‌ల నుంచి తెచ్చుకుంది. తోలుబొమ్మల వేగం, కూచిపూడి అడుగు, హరికథలో కథకుడు ఆగి శ్రోతను పలకరించే తీరు మన ఆటపద్ధతులే. వాటిని వెతికి చూడలేదు. నా దృష్టిలో దీని ప్రధాన లోపం ఇదే. బొమ్మలు మొరటుగా ఉండడం చిన్న లోపం. దేవుణ్ణి ఆటలోకి తేవడం లోపమే కాదు.

దీని విలువ కూడా చెప్పాలి. మన కథను మన ఊళ్లోనే ఈ మాధ్యమంలో చెప్పవచ్చునని ఇది చూపించింది. రేపు మీలో ఎవరైనా, లేదా మీ పిల్లలెవరైనా ఆ పని మళ్లీ చేపడితే, ఇది ఎక్కడ ఆగిపోయిందో తెలుసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. తొలి ప్రయత్నాన్ని మరచిపోతే రెండో ప్రయత్నం కూడా తొలి ప్రయత్నంగానే మిగిలిపోతుంది. ఉన్న బలాన్ని గుర్తుచేయడం జాంబవంతుడి పని. విమర్శ పని కూడా అదే.

7.8 సారాంశం

గేమ్‌లో కథ, దృశ్యంతో పాటు క్రియను చదవాలి. ‘హనుమాన్: బాయ్ వారియర్’ కన్సోల్ కోసం మనదేశంలో తయారైన తొలి గేమ్‌గా చరిత్రలో ముఖ్యమైనది. దేవుణ్ణి ఆడించడం మన కళలకు కొత్త కాదు. అయితే చిరంజీవి పాత్రకూ, ఓడి మళ్లీ మొదలుపెట్టే గేమ్ రూపానికీ మధ్య పొత్తు కుదరలేదు. బలాన్ని మరచి, మరొకరి మాటతో గుర్తుచేసుకునే కథలోనే మంచి ఆట ఉంది. దాన్ని ఈ గేమ్ అందుకోలేదు. అటువంటి ఆటను అదే యంత్రం మీద ‘ఓకామి’ సాధించింది.

7.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘హనుమాన్: బాయ్ వారియర్’, ‘ఓకామి’ గేమ్‌లలో దేవతాపాత్ర చిత్రణను పోల్చి చర్చించండి.
2. దేవతాపాత్రలను గేమ్‌లలో వాడడంపై వచ్చిన అభ్యంతరాన్ని తెలుగు ప్రదర్శనకళల ఆధారంగా పరిశీలించండి. మీ అభిప్రాయానికి కారణాలు చూపండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మార్పిడి పరీక్ష అంటే ఏమిటి? మీరు ఎరిగిన ఒక గేమ్‌కు దాన్ని అన్వయించండి.
2. మైనాకుడు, సురస, సింహిక ఘట్టాలు గేమ్ రచనకు నేర్పే పాఠం ఏమిటి?
3. ‘భక్త ప్రహ్లాద’ టాకీతో ఈ గేమ్‌ను పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.