ప్రమాణము లేని సంఖ్య

శ్రీశైలం జలాశయపు పూర్తి మట్టము 885 అడుగులు. ఆ మట్టమున నిలువ 215.81 టి.యం.సి. 2009 అక్టోబరు తొలి దినములలో కర్నూలును ముంచిన వరద ఉద్ధృతముగా నున్నప్పుడు ఈ జలాశయములోనికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల నీరు, అనగా సెకనుకు 25 లక్షల ఘనపుటడుగులు వచ్చినది. ఇట్టి లెక్కలను మాథమాటికా అను గణిత సాఫ్ట్‌వేరుతో రేఖాచిత్రముగా గీచి, టూల్‌టిప్ అను ఆజ్ఞను చేర్చినచో, బిందువుపై మౌస్ గుర్తును ఉంచగానే చిన్న పెట్టె తెరచుకొని విలువను చెప్పును. తరగతిలో ఎంతో పనికివచ్చు సాధనమిది. ఐతే ఆ పెట్టెలో ఏమి వ్రాసియున్నదన్నదే ప్రశ్న.

ఒక క్యూసెక్కు ప్రవాహము దినమునకు 86,400 ఘనపుటడుగుల నీటినిచ్చును. టి.యం.సి. అనగా 100 కోట్ల ఘనపుటడుగులు. కావున 11,574 క్యూసెక్కులు దినమంతయు పారినచో ఒక టి.యం.సి. అగును. అదే లెక్కన 25 లక్షల క్యూసెక్కులు దినమునకు 216 టి.యం.సి. ఖాళీ జలాశయమును ఒక్కరోజులో నింపగల వరద అన్నమాట! ఇప్పుడొక పెట్టెలో 216 అనియు, వేరొక పెట్టెలో 215.81 అనియు మాత్రమే కనబడినచో? మొదటిది దినసరి ప్రవాహము, రెండవది నిలువ. రెండును ఒకటే యని విద్యార్థి తలచినచో తప్పు వానిది కాదు.

2012లో వచ్చిన తొమ్మిదవ కూర్పు నుండి ఈ సాఫ్ట్‌వేరులో సంఖ్యను ప్రమాణముతో ముడివైచు క్వాంటిటీ అను ఏర్పాటు గలదు. అడుగులను క్యూసెక్కులతో కూడుమన్న అది ఒప్పుకొనదు. ఇది మెచ్చదగిన గుణము. కాని గీయుటకు ముందే, సౌలభ్యము కొరకు, క్వాంటిటీమాగ్నిట్యూడ్ ఆజ్ఞతో ప్రమాణమును ఊడదీయువారు కలరు. ఊడదీసిన దానిని పెట్టె ఎచ్చటినుండి తెచ్చి చూపును? ఉపాయము సులభమే. టూల్‌టిప్ ఆజ్ఞలో మొదటి స్థానమున బిందువును, రెండవ స్థానమున మనకు కావలసిన మాటను ఉంచవచ్చును. అచ్చట మూల క్వాంటిటీనే ఉంచవచ్చును; అంతకంటె మేలు, “ప్రవాహము: 25 లక్షల క్యూసెక్కులు” అని తెలుగుననే వ్రాయుట. కర్నూలు–కడప కాలువ క్రింది రైతుబిడ్డకు ఏ అంతర్జాతీయ సంకేతము కన్నను క్యూసెక్కు చిరపరిచితము.

దశాంశముల బెడద మరియొకటి. అడుగు వరకే చదివిన 880 అడుగుల మట్టమును యూనిట్‌కన్వర్ట్ ఆజ్ఞతో మీటర్లలోనికి మార్చినచో 268.224 వచ్చును. అడుగు తేడాను పట్టని కొలతకు మిల్లీమీటరు నిక్కచ్చితనము ఎక్కడిది? పెట్టెలో 268.2 మీటర్లు చాలును.

ఇంత చేసినను, అచ్చువేసిన కాగితముపై ఈ పెట్టె తెరచుకొనదు. సెల్‌ఫోను తెరపై మౌస్ ఉండదు. కావున అక్షముల ప్రక్కన ప్రమాణమును వ్రాయు పాత పద్ధతిని విడువరాదు.