పక్క టవర్ నిలబడితేనే

అర్ధరాత్రి దాటాక ఊళ్లో ఫోన్ వాడకం తగ్గిపోతుంది. అప్పుడు కొన్ని మొబైల్ టవర్లలో రేడియోలను నిద్రపుచ్చి, వాటి ప్రాంతాన్ని పక్క టవర్లకు అప్పగించడం మా వృత్తిలో భాగం. కరెంటు ఆదా చేయడానికే ఈ ఏర్పాటు. బేస్ స్టేషన్‌లో అన్నిటికంటే ఎక్కువ కరెంటు తాగేది పవర్ యాంప్లిఫయర్. ఒక్క కాల్ లేకపోయినా పెద్ద 4జీ సైట్ నిండుగా పనిచేసేటప్పుడు వాడే దానిలో సగానికి పైగా వాడుతూనే ఉంటుంది. రిఫరెన్స్ సిగ్నల్‌ను ప్రతి మిల్లీసెకనుకూ పంపాలి మరి. 5జీలో తప్పనిసరి సంకేతాలు మామూలుగా 20 మిల్లీసెకన్లకోసారి వెళ్తే చాలు కాబట్టి, మధ్యలో కునుకు తీసే వీలుంది.

నిద్రపోయిన టవర్ భారాన్ని పక్క టవర్ ఎలా మోస్తుందన్నది అసలు చిక్కు. ఊళ్లల్లో దూరం రెట్టింపైతే సిగ్నల్ పదింతల పైనే బలహీనపడుతుంది. రాత్రి డ్రైవ్ టెస్ట్‌కి బండిలో కూర్చుంటే ల్యాప్‌టాప్ తెరమీద ఇది కళ్లకు కడుతుంది. సిగ్నల్ మైనస్ 90 డీబీఎం ఉన్న వీధిలో సైట్ నిద్రపోగానే అంకె మైనస్ 112కి జారుతుంది. పది డీబీ అంటే పదింతలు కాబట్టి ఇరవై రెండంటే నూట యాభై రెట్లకు పైనే. వీధిలో కాల్ నిలుస్తుంది, ఇంటి లోపలి గదిలోకి వెళ్తే కట్ అవుతుంది. పైగా టవర్ తన పవర్ పెంచుకోవచ్చేమో గానీ, చేతిలోని ఫోన్‌కు మామూలుగా 200 మిల్లీవాట్లే హద్దు. దూరపు టవర్‌ను అందుకోవాలని అది ఆ హద్దు దాకా వెళ్లి తన బ్యాటరీని ఖాళీ చేసుకుంటుంది. మన బిల్లు తగ్గించి జనం ఛార్జింగ్ తినేసేదాన్ని ఆదా అనడం నాకు ఒప్పుదల కాదు.

అందుకే రెండు టవర్లు కలిసి పనిచేసే పద్ధతి మీద నాకు గురి. అంచున ఉన్న ఫోన్‌కు రెండూ ఒకే డేటాను ఒకేసారి పంపుతాయి. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ తన రిలీజ్ 11లో దీనికి ‘కాంప్’ అని పేరు పెట్టారు. ఇదీ ఉచితంగా రాదు. రెండింటి గడియారాలూ మైక్రోసెకను లెక్కలో కలవాలి, మధ్యలో మంచి ఫైబర్ ఉండాలి, లెక్కలు వేసే ప్రాసెసర్లకూ కరెంటు కావాలి. టవర్ కిందే ఉన్నవాడికి ఈ హంగామా దండగ, అంచున ఉన్నవాళ్లకే వాడాలి.

ఇక నమ్మకం సంగతి. ఒక్కో టవర్ నూటికొకసారి విఫలమైతే, రెండూ ఒకేసారి విఫలమయ్యేది పదివేలకొకసారి అని లెక్క చెబుతుంది. కాగితం మీద అందంగా ఉండే ఈ లెక్క ఒకే షరతు మీద నిలబడింది: ఒకటి పడిపోవడానికి కారణం రెండోదాన్ని తాకకూడదు. సైట్ గేటు తీసి లోపలికి వెళ్తే ఆ షరతు ఎంత బలహీనమో తెలుస్తుంది. రెండు టవర్లకూ కరెంటు ఒకే 11 కేవీ ఫీడర్ నుంచి, ఫైబర్ రోడ్డు పక్క ఒకే గాడిలో. జేసీబీ ఒక్క దెబ్బ వేస్తే రెండూ పోతాయి. మ్యాప్ మీద జంట, నిజానికి ఒంటరే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఈ పాఠం చాలా కఠినంగా వచ్చింది. స్తంభాలు కూలి కరెంటు పోయింది, బ్యాటరీలు అయిపోయాయి, జనరేటర్లకు డీజిల్ తీసుకెళ్దామంటే చెట్లు పడి దారులు మూసుకుపోయాయి. తమవాళ్లు ఎలా ఉన్నారో కనుక్కోవడానికి జనానికి ఫోనే లేదు. ఇప్పుడు తుఫానుల సమయంలో ఇంట్రా సర్కిల్ రోమింగ్ తెరవమని టెలికాం శాఖ చెబుతోంది, ఎవరి సిమ్ అయినా నిలబడి ఉన్న ఏ నెట్‌వర్క్‌నైనా పట్టుకోవచ్చు. మంచి నిర్ణయం. కానీ నిలబడినది ఒకటుండాలి కదా. పల్లె టవర్లలో 50 శాతం, పట్టణాల్లో 20 శాతం 2015కల్లా సోలార్ లాంటిది కూడా కలిసిన హైబ్రిడ్ విద్యుత్‌తో నడవాలని అదే శాఖ 2012లో ఆదేశించింది. ఆ మాటను నేను డీజిల్ పొదుపుగా మాత్రమే చదవను. జంటలో ఒక్కదానికి సోలార్ ఉన్నా ఆ రెండింటి కారణాలూ విడిపోతాయి.

ప్లానింగ్ చేసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నాదొక విన్నపం. ఒక సెల్‌ను నిద్రపుచ్చే ముందు దాని పక్క టవర్‌కు ఏ ఫీడర్ నుంచి కరెంటు వస్తుందో, ఫైబర్ ఏ దారిలో వెళ్తుందో, బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుందో ఫైల్లో రాయండి. కోస్తా జిల్లాలకు తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున మాత్రం ఆ నిద్ర షెడ్యూల్‌ను పూర్తిగా ఆపేయండి.