కొండదారి కాగితంలో మనుషులెక్కడ?

రేణిగుంటలో మా దగ్గర చదువుకున్న యానాది పిల్లవాడొకడు ఈమధ్య బుల్లెట్ బండి కొన్నాడు. మా కాలనీలో అంత పెద్ద బండి కొన్న మొదటివాడు వాడే. ముగ్గురు స్నేహితులతో కలిసి కొండల వెంట శ్రీశైలం దాకా పోవాలని నాలుగు పేజీల ప్రయాణ పథకం రాసుకొచ్చి, "తప్పులుంటే దిద్దండి సార్" అని మాకిచ్చాడు. అక్షరదోషాలు రెండో మూడో ఉన్నాయి. మేము చెప్పదలచింది వాటి గురించి కాదు. ప్రయాణ పథకం కూడా ఒక రచనే. దారిలో ఎవరిని చూడాలో, ఎవరిని దాటిపోవాలో అది ముందే నిర్ణయిస్తుంది. అందుకే దాన్ని రచనగానే చదివాం.

దారి బాగా ఎంచుకున్నాడు. రేణిగుంట, మామండూరు, కోడూరు, రాజంపేట, కడప, మైదుకూరు, ఆళ్లగడ్డ, అహోబిలం. తర్వాత నంద్యాల, ఆత్మకూరు, దోర్నాల, శ్రీశైలం. మొదట శేషాచలం, ఆపైన నల్లమల. ఈ కొండలన్నీ ఒకే ఆదిశేషుడనీ, తల తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం అనీ పెద్దలు చెబుతారు.

ఈ యాత్ర కొత్తదేమీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయలుదేరి తిరుపతి, అహోబిలం, శ్రీశైలం చూసుకుంటూనే కాశీకి వెళ్లాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన పెద్దమనిషి ఆయన. లోకాన్ని తన స్థానం నుంచే చూశాడు. పల్లకీలో పోయాడు, బోయీలు మోశారు. కానీ మోసేవాళ్లు అలిసిపోతే పల్లకీ ఆగాలి. ఆగినచోట నీళ్లు అడగాలి, సరుకులు అడగాలి. అందుకే ఆ పుస్తకంలో మజిలీ మజిలీకీ ఊళ్లు కనిపిస్తాయి. బండికి ఆ అవసరం లేదు. ట్యాంకు నిండితే ఎవరినీ ఏమీ అడగకుండా కొండ దాటేయవచ్చు.

మా వాడి కాగితంలో పెట్రోలు బంకులున్నాయి, పంక్చరు సామాను ఉంది, బ్రేకులు చూపించుకోవాలని ఉంది. మెచ్చుకోవలసిన జాగ్రత్తే. కానీ దోర్నాలలో తెల్లవారుజామున 4కి బయలుదేరాలని రాశాడు. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే అడవిదారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. అది పులుల అడవి. రాత్రిపూట ఆ దారి జంతువులది. గడియారం మన చేతికి ఉన్నా, కొండకు తన వేళలు తనకుంటాయి.

మూడో పేజీలో మా పెన్ను ఆగిపోయింది. "బైర్లూటి: చెంచు గుడిసెలు. ఫొటో స్పాట్. 15 నిమిషాలు." అదే పేజీలో అహోబిలం గుడికి మూడు గంటలు కేటాయించాడు. అక్కడి నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడని కథ. చెంచుల అల్లుడికి మూడు గంటలు, చెంచులకు పావుగంట!

వీడు ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఎవరో మా కాలనీ ముందు కారు ఆపి ఫొటోలు తీశారు. వీడి ఒంటిమీద చొక్కా లేదు. ఇంట్లోకి పరిగెత్తి చొక్కా వేసుకొని వచ్చేసరికి కారు వెళ్లిపోయింది. మర్నాడు బడిలో మమ్మల్ని అడిగాడు: "సార్, ఆ ఫొటోలో నేను ఎప్పటికీ చొక్కా లేకుండానే ఉంటానా?"

ఆ పిల్లవాడే ఈ వాక్యం రాశాడు. తప్పు వాడిదని మేము అనం. పథకం ఎలా రాయాలో నేర్చుకోవడానికి వాడు చదివినవన్నీ అలాగే ఉన్నాయి. వాటిలో కొండ అంటే పచ్చదనం, పొగమంచు, మలుపులు. మనిషి కనిపించినా చెట్టులా నిలబడి ఉంటాడు. పేరుండదు, మాటుండదు. ఆ రాతలు మనం రాసినవి కావు. మనం రాయనంతకాలం మన పిల్లలు కూడా ఆ కళ్లతోనే మన గూడేలను చూస్తారు.

మేము ఎర్రసిరా వాడలేదు. "అక్కడ ఎవరింటికి పోతావురా?" అని మాత్రం అడిగాం. వాడు మాట్లాడకుండా కాగితం తీసుకెళ్లాడు.

రెండు రోజులకు తిరిగి తెచ్చాడు. దోర్నాల ఎదురుగా 6 అని దిద్దాడు. బైర్లూటి దగ్గర పాత వాక్యం కొట్టేసి ఇలా రాశాడు: "ఆగాలి. పలకరించాలి. ఒప్పుకుంటేనే ఫొటో. తీస్తే కాపీ తీసుకొచ్చి ఇవ్వాలి."

ఎన్ని నిమిషాలో రాయలేదు.