బారింగ్టను గ్రంథకర్తృత్వ విచారము

గ్రంథముఖమున నొక పేరు ముద్రింపబడినంత మాత్రమున నా పేరుగలవాడే తత్కర్త యని నిశ్చయింపరాదు. మన చాటుపద్యములలో ననేకములు శ్రీనాథునికిని, తెనాలి రామకృష్ణునికిని లోకముచే నంటగట్టబడినవని పండితు లెఱిగినదే. ఆంగ్లవాఙ్మయమున నిట్టి యారోపణమునకు విచిత్రమైన యుదాహరణము జార్జి బారింగ్టను చరిత్రము. ఇతడు కవి గాడు. లండను నాటకశాలలలో ధనికుల జేబులు గొట్టి ప్రసిద్ధి కెక్కిన చోరుడు.

మొదట నిస్సంశయములైన యంశములను వేఱుచేయుదము. 1790 సెప్టెంబరులో లండను ఓల్డు బెయిలీ న్యాయస్థానమున, బంగారు గడియారమును దొంగిలించిన నేరమునకై యితనికి ఏడేండ్ల ద్వీపాంతరవాసము విధింపబడెను. 1791లో 'యాక్టివ్' అను నోడపై న్యూ సౌత్ వేల్సు చేరెను. సత్ప్రవర్తనచే 1792లో నియమసహితమైన క్షమాదానమును, 1796లో సంపూర్ణ క్షమాదానమును బడసి, పారమట్టాలో ముఖ్య కానిస్టేబులయ్యెను. 1800 నాటికి మతి చలింపగా నుద్యోగమును వీడి, 1804 డిసెంబరు 27వ తేదిని మృతినొందెను. ఈ వృత్తాంతమునకు న్యాయస్థానపు నివేదికలును, నాటి ప్రభుత్వపత్రములును ఆధారములు. బాల్యమున తోడి విద్యార్థిని గత్తితో బొడిచి పాఱిపోయి నటకబృందమున జేరెనను కథ మాత్రము చవుకపుస్తకములవలన వ్యాపించినది. దీనిని పై ప్రమాణములతో సమానముగా నెంచరాదు.

ఇక గ్రంథములమాట. 1795లో లండనున న్యూ సౌత్ వేల్సు యాత్రావర్ణన మొకటి బారింగ్టను పేర వెలువడి, పలుమాఱులు ముద్రితమై, ఫ్రెంచి భాషలోనికిని బరివర్తింపబడెను. 1802లో నా దేశచరిత్ర మొకటి యదే పేర వచ్చెను. ఇవి యితని కృతులా? పరిశీలింపగా, యాత్రావర్ణనమున 1793లో ప్రకటితమైన జాన్ హంటరు గ్రంథమునందలి విషయములును, దేశచరిత్రమున డేవిడ్ కాలిన్సు 1798లో ప్రకటించిన గ్రంథవిషయములును గానవచ్చుచున్నవి. ఆ దేశముననే కాపురమున్నవాడు తాను గన్న దానిని వ్రాయుటకు లండనులో నచ్చైన పరుల పుస్తకముల నేల యాశ్రయించును? లండను పుస్తకవిక్రేతలే కూర్చి, ధనాశచే నాతని పేరు పెట్టిరనుట యుక్తము.

న్యాయస్థానమున బారింగ్టను చేసిన యుపన్యాసములు వాగ్ధాటికి ప్రసిద్ధములు గనుక నతడు గ్రంథరచనకు సమర్థుడే యని కొంద ఱనవచ్చును. సామర్థ్యము వేఱు, కర్తృత్వము వేఱు. వ్రాయగలవాడనుట వ్రాసెననుటకు సాక్ష్యము గాదు.

మూడవది ప్రస్తావనపద్యము. 1796 జనవరి 16వ తేదిని సిడ్నీలో నాటకశాల తెఱవబడి, ఎడ్వర్డు యంగు రచించిన 'రివెంజి' నాటకము ప్రదర్శితమయ్యెను. నేరస్థులు తమ ప్రవాసమును దేశభక్తిగా జెప్పుకొని చమత్కరించు నొక పద్యము ఆ దినమున బారింగ్టను చదివినదిగా జిరకాలము ప్రచారమందుండెను. ఇంగ్లండునందలి హెన్రీ కార్టరు దానికి గర్త యని యిప్పటి విమర్శకుల నిర్ణయము. కావున నా పద్యమునుబట్టి యచ్చటి ఖైదీల మనోభావమును నిర్ణయించుట పొరపాటు. అది దూరదేశమున సుఖముగా గూర్చున్నవాని పరిహాసము.

ఈ విచారము నిష్ప్రయోజనము గాదు. చూచినవాని సాక్ష్యమని నమ్మియే నాటి పాఠకులు ఆ దేశమునుగూర్చియు, నచ్చటి యాదిమనివాసులనుగూర్చియు నభిప్రాయము లేర్పఱచుకొనిరి. బారింగ్టను పదుమూడేండ్లు నిజముగా నచ్చట జీవించెను. ఆ జీవితముపై నితరుల మాటలు కప్పబడినవి. గడియారమును దొంగిలించినవానికి శిక్ష పడెను. వాని పేరును దొంగిలించినవారికి లాభము వచ్చెను. ఆ పేరుమీది యితరుల మాటలను దొలగించి, మిగిలినది కొంచెమే యైనను దానినే చరిత్రముగా నంగీకరించుట విమర్శకుని ధర్మము.