కొన్న ఆట ఎవరిది?

వీడియో ఆటలంటే కుర్రకారు కాలక్షేపమేననే వాళ్ళతో నాకెప్పుడూ పేచీయే. ముప్పై ఏళ్ళుగా ఆడుతున్నదాన్ని మరి! 1985లో వచ్చిన సూపర్ మారియోకి ఒక మర్యాద ఉండేది. క్యాసెట్ కొన్నామంటే బీరువాలో పట్టుచీరలా అది మనదే. అందులోనూ మూడు ప్రాణాలే. అవి పోతే మళ్ళీ మొదటికి రావలసిందే, అంతేగాని ఎవరూ చెయ్యి చాపేవారు కాదు.

2012 నాటి క్యాండీ క్రష్ చూడండి. ఊరికే ఇచ్చారు, నిజమే. ప్రాణాలు అయిదు, పోయినదొకటి తిరిగి రావాలంటే అరగంట. ఆగలేకపోతే డబ్బు! మన నేర్పుతో కాదు, మన తొందరతో వాళ్ళ వ్యాపారం. (ఆ రంగుల మిఠాయిలు నాకూ ఇష్టమేననుకోండి.)

పోనీ, డబ్బిచ్చి కొన్నదైనా దక్కుతుందా? యుబిసాఫ్ట్ వారు 2014లో అమ్మిన కార్ల పందెం ఆట 'ది క్రూ' కంపెనీ సర్వర్లకు కలిపితేగాని నడవదు. 2024 మార్చి 31న ఆ సర్వర్లు ఆపేశారు. డిస్కు చేతిలో ఉన్నవాళ్ళకీ ఆట లేదు. గ్రైండరు అమ్మిన కొట్టువాడు పదేళ్ళ తరువాత వచ్చి రాయి పట్టుకుపోతే ఊరుకుంటామా?

కొత్త ఆటల్లో బొమ్మలు బ్రహ్మాండం, కాదనను. పిల్లలు కొనమన్నప్పుడు మాత్రం ఒక్కటడగండి: ఇంటర్నెట్ లేకపోయినా ఇది నడుస్తుందా అని.