పాత అంబాసిడర్‌కు ముందు సస్పెన్షన్ పని

హిందుస్థాన్ అంబాసిడర్ ముందు భాగాన్ని మోసేవి స్ప్రింగు చుట్టలు కావు, టార్షన్ బార్లు. బండి పొడవు దిశలో, అడుగున రెండు వైపులా అమర్చిన గుండ్రటి ఉక్కు కడ్డీలివి. కడ్డీ ముందు కొస కింది ఆర్మ్‌కు, వెనక కొస అడ్డపట్టీకి బిగించి ఉంటాయి. చక్రం ఎత్తుపల్లాల్లో లేచి దిగినప్పుడల్లా కడ్డీ మెలిపడి మళ్లీ విప్పుకుంటుంది. అలెక్ ఇస్సిగోనిస్ రూపొందించగా 1948లో వెలువడిన మోరిస్ మైనర్‌లోనూ ఇదే పద్ధతి. అంబాసిడర్‌కు అది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివర మొదలైన తయారీ 2014 మే దాకా సాగింది. ఈలోగా ఇంజన్లు మారాయి, గ్రిల్లులు మారాయి, ముందు బ్రేకులకు డిస్కులు వచ్చాయి. టార్షన్ బార్ మాత్రం చివరిదాకా ఉంది. ఈ బండి ముందు పని తెలిసిన మెకానిక్‌లు, దాని సామాన్లు ఇంకా దొరకడానికి ఒక కారణం ఇదే.

చక్రం పక్కలకు తిరగడానికి ఆధారం కింగ్‌పిన్. దాని పై కొస, కింది కొస మరలు కోసి ఉండి, ట్రనియన్లనే దిమ్మల్లో తిరుగుతాయి. పాత మోడళ్లలో పై ట్రనియన్‌ను పట్టుకునేది లీవర్ డ్యాంపర్ చెయ్యే. అంటే అక్కడ డ్యాంపర్ కుదుపును అణచడంతోపాటు పై ఆర్మ్‌గానూ పనిచేస్తుంది. గ్రీజు అందకపోతే మరలు అరుగుతాయి. అరుగుదల హద్దు దాటితే పిన్ను ట్రనియన్‌లోంచి ఊడి, చక్రం బండి కిందికి మడతపడుతుంది. మిగతా అరుగుదలలు చప్పుడుతోనో వణుకుతోనో విసిగిస్తాయి. ఇది ప్రమాదానికే దారి తీస్తుంది. ఖర్చు తక్కువ పెట్టగలిగినవారు ముందు దీనికే పెట్టాలి.

హైదరాబాద్ నుంచి తుక్కుగూడ, కందుకూరు, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి మీదుగా శ్రీశైలం వెళ్లే 765వ జాతీయ రహదారి మీద పాత కారు తన లోపాలన్నీ వరసగా బయటపెడుతుంది. తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు తగిలే చోట వేగం అందుకోగానే స్టీరింగ్ వణికితే టైరు బ్యాలెన్సునో, వీల్ బేరింగునో, టై రాడ్ ఎండ్‌నో అనుమానించాలి. ఊళ్లలో స్పీడ్ బ్రేకరు దాటుతుంటే ‘టక్’మంటే ఆర్మ్ బుష్షులు పోయినట్టు. మన్ననూరు దాటాక నల్లమల ఘాట్‌లో, ముఖ్యంగా ఈగలపెంట తర్వాతి దిగుడులో, బ్రేకు తొక్కినప్పుడల్లా బరువంతా ముందుకు వస్తుంది. అప్పుడు బండి ఒక పక్కకు లాగితే బ్రేకులతోపాటు ఆర్మ్‌ను వెనక్కి జరగకుండా ఆపే రాడ్ బుష్షులనూ చూడాలి.

షెడ్డులో పరీక్షకు జాకీని కింది ఆర్మ్ కింద పెట్టాలి. బాడీ కింద పెడితే టార్షన్ బార్ బలం ఆర్మ్‌ను కిందికి నొక్కి ఉంచి, ప్లేను, అంటే కీళ్లలోని వదులును, దాచేస్తుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి; ఊగితే ఒకరిని బ్రేకు తొక్కి పట్టమనాలి. ఊపు ఆగిపోతే తప్పు బేరింగుది, ఆగకపోతే కింగ్‌పిన్నుది. ఎడమ కుడి అంచులు పట్టుకుని ఊపినప్పుడు కనిపించే ప్లే టై రాడ్లదీ, స్టీరింగ్ ర్యాక్‌దీ. ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు. అయినా ఇది చేయకుండానే షాకబ్జర్లు మార్చే అలవాటు మన షెడ్డుల్లో బాగా పాతుకుపోయింది.

ఒక బండికి నేర్చిన విద్య ఇంకో బండికి పనికిరాకపోవచ్చు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌లోనూ కింద ట్రనియన్ ఉంటుంది గానీ దానికి పట్టించాల్సింది గ్రీజు కాదు, 90 నంబరు గేరు ఆయిల్. గ్రీజు మరల అడుగుదాకా చేరదు. అక్కడ నీరు నిలిచి తుప్పు పడుతుంది, చివరికి నిలువు లింకు విరుగుతుంది. ప్రీమియర్ పద్మినిలో కాయిల్ స్ప్రింగులు, విష్‌బోన్ ఆర్మ్‌లు. దాని కింగ్‌పిన్ బుష్షులను ప్రెస్‌తో దింపి, పైదీ కిందిదీ ఒకే సూటిలో ఉండేలా పొడవాటి రీమర్‌తో కోయాలి. విడివిడిగా కోస్తే పిన్ను బిగుసుకుని, మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను నిటారుకు రాదు.

కొత్త పిన్ను దొరకనప్పుడు హైదరాబాద్‌లోని బాలానగర్ లాంటి చోట్ల లేత్ మీద చేయిస్తారు. కొలత సరిగ్గా ఉంటే చాలదు. మెత్తటి ఉక్కుతో తీసి అలాగే బిగించిన పిన్ను త్వరగా అరిగిపోతుంది. పైపొర గట్టిపడేలా వేడిచేసి, ఆ తర్వాత గ్రైండింగ్ చేయించాలి. బుష్షుకు గన్‌మెటల్ గానీ ఫాస్ఫర్ బ్రాంజ్ గానీ వాడాలి. అరిగితే మార్చుకోగలిగేది బుష్షే కావాలి తప్ప పిన్ను కాదు.

రబ్బరు బుష్షుల విషయంలో ఎక్కువగా జరిగే తప్పు బిగింపులో. బండి జాకీ మీద, ఆర్మ్ వేలాడుతుండగా బోల్టు బిగిస్తే రబ్బరు ఆ స్థితికే అతుక్కుపోతుంది. నేలమీదికి దించగానే శాశ్వతంగా మెలిపడి, కొద్దికాలానికే చిరుగుతుంది. చక్రాల మీద పూర్తి బరువు పడ్డాకే ఆఖరి బిగింపు. ఈ మధ్య పాలియురెథేన్ బుష్షులు వేయించేవారు పెరిగారు. అవి నూనెకు చెడవు, ఎక్కువ కాలం వస్తాయి. కానీ రోడ్డు గరుకును బాడీకి మోసుకొస్తాయి, సిలికాన్ గ్రీజు లేకపోతే కీచుమంటాయి. వెనక సీటు సుఖానికే పేరుపడ్డ అంబాసిడర్‌లో వాటిని బ్రేకు లాగుడును అడ్డుకునే రాడ్ల వరకే ఉంచి, మిగతా చోట్ల రబ్బరే వేయడం మంచిది.

లీవర్ డ్యాంపర్ల నుంచి టెలిస్కోపిక్ షాకబ్జర్లకు మారడం ఎక్కువమంది కోరే మెరుగు. తర్వాతి అంబాసిడర్లకు కంపెనీయే ఆ మార్పు చేసింది. అయితే పాత బండిలో లీవర్‌ను తీసేస్తే పై ఆర్మ్ పోయినట్టే. కాబట్టి పాత డ్యాంపర్ బాడీని కీలుగా ఉంచడమో, దాని స్థానంలో వేరే ఆర్మ్ పెట్టడమో తప్పదు. ఇక్కడ చట్టం కూడా గుర్తుంచుకోవాలి. కేంద్రం 2021 జూలైలో ప్రకటించిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాల వింటేజ్ నంబరు రావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. బ్రాకెట్లను వెల్డింగ్ చేయించకుండా, మళ్లీ విప్పగలిగేలా బోల్టులతో బిగించుకోవడమే క్షేమం.

టార్షన్ బార్లు కాలం గడిచేకొద్దీ కుంగుతాయి. వెనక కొస దగ్గరి సర్దుబాటుతో ఎత్తు తిరిగి తెచ్చుకోవచ్చు. లావు కడ్డీ వేయించాలనుకునేవారు ఒక లెక్క చూసుకోవాలి: కడ్డీ బిరుసు దాని వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. వ్యాసం 5 శాతం పెరిగితే బిరుసు 21 శాతం దాటుతుంది. ఎడమ కడ్డీ కుడికి వాడరాదు. ఒకే దిశ మెలికకు వాటిని ముందే అలవాటు చేసి ఉంటారు. పైపు రెంచితో పట్టినా చాలు, ఆ గీత దగ్గరే పగులు మొదలవుతుంది. విప్పేముందు కడ్డీలోని బలాన్ని జాకీ మీదకు తీసుకుని మెల్లగా వదలకపోతే ఆర్మ్ విసురుగా కొడుతుంది.

పని ముగిశాక టో-ఇన్, అంటే ముందు చక్రాల ముందంచులు లోపలికి తిరిగి ఉండే కొలత, సరిచూడాలి. 5.90-15 టైర్లకు బదులు రేడియల్ వేస్తే టో-ఇన్ సాధారణంగా తగ్గించాల్సి ఉంటుంది. కందుకూరు దాకా ఒకసారి నడిపి వచ్చాక నట్లు మళ్లీ బిగించి, ఎత్తు కొలవాలి. కొత్త బుష్షులు కుదురుకునేసరికి ఎత్తు కొద్దిగా మారవచ్చు గనుక టో-ఇన్ రెండోసారి చూడాలి. ట్రనియన్లకు గ్రీజు కొట్టేటప్పుడు చక్రం బరువు తీసేసి, పాత గ్రీజు బయటకు వచ్చేదాకా కొట్టాలి. వానాకాలంలో బండి నీళ్లలో దిగితే మామూలు గ్రీజు గడువు దాకా ఆగకుండా ఆ వారమే మళ్లీ కొట్టించాలి.