వంత పాడిన పిల్ల

బట్టీ మీద నా పోరు ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఏటా డిసెంబరు 10న మానవ హక్కుల దినమంటూ పిల్లల చేత ప్రసంగాలు అప్పజెప్పించడం చూస్తే ఒళ్లు మండిపోతుంది. అందుకే, ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలు బాలల హక్కుల మీద బుర్రకథ చెబుతున్నారంటే పనులన్నీ మానుకుని వెళ్లాను.

బుర్రకథ అంటే నాకు మా ఊరి రామాలయం ముందు పెట్రోమాక్స్ వెలుగులో గడిపిన రాత్రులే. నడుమ కథకుడు తంబూర మీటుతూ, అందెలు మోగిస్తూ అడుగులేసేవాడు. అటూ ఇటూ గుమ్మెటలతో వంతగాళ్లు, ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. నాకు ఆ రాజకీయం చెప్పేవాడే ఇష్టం. పల్నాటి యుద్ధం నడుస్తుండగానే సందు చూసుకుని రేషన్ చక్కెర సంగతి అడిగేవాడు. అప్పటిదాకా తూగుతున్న ముసలివాళ్లు కూడా నిటారుగా కూర్చునేవారు. 1940లలో ప్రజానాట్యమండలివాళ్లు, షేక్ నాజర్ ఈ కళను చేతపట్టింది ఊరికే కాదు. అక్షరం రానివాడికీ ప్రశ్న అందుతుంది. బడిలో హక్కుల పాఠానికి ఇంతకన్నా మంచి దారి లేదనే నా నమ్మకం.

తీరా చూస్తే, రాజకీయం చెప్పే పిల్ల అడిగిన ప్రశ్నలన్నీ మాస్టారు రాసిచ్చినవే. 2009 విద్యాహక్కు చట్టం, 17వ సెక్షన్, పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అంటూ గుక్క తిప్పుకోకుండా పాడేసింది. ప్రశ్న కూడా బట్టీయేనా అని మనసు చివుక్కుమంది. ఆ మాటే మాస్టారితో అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. "నిజమేనండీ. కానీ మొన్న రిహార్సల్ అయ్యాక ఏడో తరగతిలో ఒక కుర్రాడి మీద బెత్తం లేచింది. ఈ పిల్ల గుమ్మంలో నిలబడి ఆ ముక్కే, ఆ వరసలోనే పాడింది. బెత్తం ఎత్తింది నేనేనండీ" అన్నారు.

దారి పొడుగునా అదే ఆలోచన. పెద్దవాళ్లకు ఎన్నడూ ఎదురు చెప్పని పిల్లకు ఆ క్షణంలో సొంత మాట ఎక్కణ్నుంచి వస్తుంది? ముప్పైసార్లు గొంతెత్తి పాడిన మాటే వస్తుంది. ఆ బట్టీని నేను తప్పు పట్టలేను.

బయల్దేరే ముందు మాస్టారిని ఒక్కటే అడిగాను, వచ్చే కథలో రాజకీయానికి రెండు చరణాలు ఖాళీగా వదలమని. "వదులుతానండీ. ఆడపిల్లల బాత్రూం తలుపుకు గడియ లేదని పాడుతుంది, నాకు తెలుసు" అన్నారాయన.